ఒకటి కాని ఒకటి

(మాటల మజిలీలు: పద్నాలుగో భాగం)

గత భాగంలో రిక్షా కథ చెప్పుకున్నాం. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. జపానులో పుట్టిన ఆ జిన్‌రికిషా తల పోగొట్టుకుని మన వీధుల్లోకి రిక్షాగా దిగింది. ఈసారి మాట కూడా జపానుదే. అయితే దాని కథ ఎత్తుకోవడానికి ఆనందపురం పూల మార్కెట్టు కంటే మంచి చోటు నాకు తోచలేదు.

ఆనందపురంలో పూల బేరం పెందరాళే మొదలవుతుంది. హైవే మీద లారీల లైట్లు ఇంకా ఆరకముందే బంతి, చామంతి మూటలు దిగుతాయి. టోకున కొనేవాళ్ళు కాటా చుట్టూ మూగుతారు. నాలాంటి చిల్లర బేరగాళ్ళకు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్న అప్పలే దిక్కు. మొన్న ఒకావిడ దగ్గర కనకాంబరం, మరువం కలిపి కట్టిన దండ కొన్నాను. దారం కొసను మోచేతి దగ్గర బొటనవేలితో అదిమి, దండను మధ్యవేలి చివరిదాకా లాగి "మూర" అంది.

"నీ చెయ్యి పొట్టి అప్పా, నాకు పూలు తగ్గిపోతున్నాయి" అన్నాను.

"దేవుడు నాకిచ్చిన సెయ్యి ఇదే బాబూ. నీ సెయ్యి పెట్టు, దాంతోనే కొలుస్తాను. డబ్బులు మాత్రం నా సేతికే ఇయ్యి" అంది. అంటూనే ఇంకో రెండు వేళ్ళ వెడల్పు వదిలి అక్కడ తుంచింది. అది కొసరు.

మూర, కొసరు. ఈ రెండు మాటలు జేబులో వేసుకోండి. చివరిదాకా పనికొస్తాయి.

మన భాషలో "ఒకటి" అన్న మాట ఒంటరిగా పెద్దగా పనికిరాదు. పూలయితే మూర, గడ్డయితే మోపు, అరటిపళ్ళయితే గెల, అందులో చిన్న భాగమయితే అత్తం. ధాన్యం కొలిచేటప్పుడయితే ఒకటి అన్న మాటే నోట రానివ్వరు. మా తాతగారి కళ్ళంలో కుంచంతో వడ్లు కొలిచే మనిషి మొదటి కుంచానికి "లాభం" అని గొంతెత్తేవాడు. ఆ తర్వాతే రెండు, మూడు. ఏడు దగ్గర కూడా ఒక మెలిక ఉండేది. ఏడుపు గుర్తుకు రాకుండా "ఆరున్నొక్కటి" అనేవారు. ఇలా మొదటి దానికి అంకె చెప్పకుండా పేరు పెట్టే అలవాటు ఉన్నవాళ్ళకు, ఈ జపాను మాట తొందరగా తలకెక్కుతుంది.

ఆ మాట ఇప్పొన్. జూడోలో ప్రత్యర్థిని ఎత్తి వీపు నేలకు తాకేలా, జోరుగా, అదుపు తప్పకుండా విసిరితే, రిఫరీ చేతిని తలపైకి నిటారుగా లేపి ఈ మాట అంటాడు. అక్కడితో ఆట ముగిసినట్టే. నాలుగు నిమిషాల ఆట నాలుగు సెకన్లలో అయిపోవచ్చు. మెడ నొక్కితేనో, మోచేయి విరుగుతుందనిపించేలా వంచితేనో ప్రత్యర్థి చేత్తో తట్టి ఒప్పుకున్నా ఇప్పొనే. వెల్లకిలా పడేసి 20 సెకన్లు కదలకుండా అదిమిపట్టినా ఇప్పొనే.

పత్రికల్లో ఇప్పొన్‌ను సాధారణంగా "పూర్తి పాయింటు" అని అనువదిస్తారు. తప్పు లేదు గాని, మాటలో ఉన్న రుచి అందులో రాదు. ఇప్పొన్‌లో పూర్తి అన్న అర్థం లేదు, పాయింటన్న అర్థమూ లేదు. ఇచి అంటే ఒకటి, హొన్ అంటే పొడుగాటి వస్తువును లెక్కపెట్టేటప్పుడు అంకె పక్కన చేర్చే మాట. పెన్సిల్, గొడుగు, సీసా, చెట్టు, అరటిపండు, తాడు అన్నీ హొన్ లెక్కలోకి వస్తాయి. కాగితం, చొక్కా లాంటి పలచటివాటికి వేరే మాట, చిన్న జంతువులకు వేరే, యంత్రాలకు వేరే. అంటే మా పూల అప్ప జపానులో పుట్టి ఉంటే కాడతో ఉన్న గులాబీని "ఇప్పొన్" అనే అమ్మేది.

మరి మనిషిని ఎత్తి పడేయడంలో పొడుగాటి వస్తువు ఎక్కడుంది?

కత్తిలో ఉంది. ఈ హొన్ మీద భాషాశాస్త్రవేత్తలు చాలా తలలు పట్టుకున్నారు. అమెరికా పండితుడు జార్జ్ లేకాఫ్ 1987లో మాటల వర్గాల గురించి రాసిన లావుపాటి పుస్తకంలో దీనికి కొన్ని పేజీలు కేటాయించాడు. కత్తి, కర్ర పొడుగాటివి కాబట్టి హొన్. వాటితో చేసే పోటీ కూడా హొన్. ఆ పోటీలో తగిలిన దెబ్బ కూడా హొన్. అక్కడి నుంచి కత్తీ కర్రా లేని జూడో కూడా ఆ లెక్కనే అరువు తెచ్చుకుంది. బేస్‌బాల్‌లో బంతి గీసే పొడుగాటి గీత వల్ల హిట్టుకూ హొనే. ఫోను తీగ వల్ల ఫోన్ కాల్‌కూ హొనే. రీలు విప్పితే పొడుగు కనక సినిమాకూ హొనే. కత్తిసాములో ప్రాణం తీయగల ఒక్క వేటు ఇప్పొన్. జూడోలో కత్తి పోయింది గాని వేటు మిగిలింది. వెన్ను నేలకు కొట్టుకున్నవాడు చచ్చినవాడి కింద లెక్క.

ఇప్పుడు ఒక చిన్న వ్యాకరణ పిడకల వేట. రామాయణానికి దారి ఇటు నుంచే ఉంది కాబట్టి కాస్త ఓర్చుకోండి.

ఇచి, హొన్ కలిస్తే ఇప్పొన్ ఎలా అయింది? రెండయితే నిహొన్, మూడయితే సంబొన్. ఒకే మాటకు హ, ప, బ అని మూడు వేషాలు. జపానీ నేర్చుకునే ఇంగ్లీషు వాళ్ళు దీన్ని బట్టీ కొడతారు. మనకు ఆ అవసరం లేదు. సన్ అంటే మూడు. ఆ నకారం తర్వాత వచ్చిన పరుషం సరళమయింది, అంతే. చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకున్నవాళ్ళకు "తెచ్చెన్" పక్కన "పూలు" చేరితే "తెచ్చెంబూలు" కావడం తెలుసు. ద్రుతం మీది పకారం బకారమయినట్టే సన్ మీది పొన్ బొన్ అయింది.

ఈ పొన్ ఎక్కడి నుంచి వచ్చిందంటారా? అసలు మాట హొన్ కాదు, పొన్. చీనా నుంచి ఆ మాట వచ్చినప్పుడు పకారంతోనే వచ్చింది. తర్వాత జపానీలు మాట మొదట్లోని పకారాన్ని మెత్తబరిచి, ఊదినట్టు పలికి, చివరికి హకారం చేశారు. ఇది వింతేమీ కాదు. మన పక్కింటి కన్నడిగులు చేసిందీ అదే. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి హులి, మన పువ్వు హూవు. పాత కన్నడంలో వాళ్ళకూ పకారమే ఉండేది. జపానీలో ఆ పాత పకారం ద్విత్వం చాటున దాక్కుని బతికిపోయిన చోటు ఇప్పొన్. ఒక్క మాటలో వెయ్యేళ్ళ కిందటి ఉచ్చారణ, మడతపెట్టిన కోకలో పాత నాణెంలా.

ఈ పొన్‌కు రాసే అక్షరం ఇంకా తమాషాగా ఉంటుంది. చెట్టు గుర్తు వేసి, దాని మొదట్లో ఒక అడ్డగీత గీస్తారు. చెట్టు మొదలు, మూలం అని అర్థం. పుస్తకాన్నీ ఇదే అక్షరంతో రాస్తారు. సూర్యుడి గుర్తు పక్కన దీన్ని చేరిస్తే సూర్యుడు పుట్టే చోటు, అంటే జపాను. దాన్ని నిహొన్ అనీ అంటారు, నిప్పొన్ అనీ అంటారు. హ, ప మధ్య అదే దోబూచులాట.

నిప్పొన్ అన్న మాటతో విశాఖకు పాత పరిచయం ఉంది. మొదటి పరిచయం మంచిది కాదు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పరిగెత్తింది. రెండో పరిచయం వ్యాపారానిది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని జపాను ఉక్కు కర్మాగారాలకు అమ్మేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. దాని కోసమే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలు మార్గం వేశారు. మనం అరకు వెళ్తూ సొరంగాలు లెక్కపెట్టుకునే దారి అదే. బాంబులు పడిన రేవు నుంచే కొన్నేళ్ళ తర్వాత ఓడల నిండా ఎర్రమట్టి జపానుకు బయల్దేరింది. 1970లో యవాటా, ఫుజి అనే రెండు కంపెనీలు కలిసి నిప్పొన్ స్టీల్ అయ్యాయి. రేవులో పనిచేసినవాళ్ళ నోట ఆ పేరు మామూలుగా దొర్లేది. నిప్పొన్‌లోని పొన్ను, ఇప్పొన్‌లోని పొన్ను ఒకే అక్షరమని ఆ రేవులో ఎవరికీ తెలిసి ఉండదు. తెలిసినా ఒరిగేదేమీ లేదు, నిజమే. కానీ మాటల వెంట తిరిగేవాళ్ళకు ఇలాంటివి దొరికిన రోజు అన్నం సయించదు.

ఇక జూడో దగ్గరికి.

కానో జిగోరో 1860లో పుట్టాడు. పొట్టివాడు, బక్కవాడు, చదువుకున్నవాడు. సమురాయిల కాలం ముగిసి, వాళ్ళ జుజుత్సు విద్య సంతల్లో గారడీగా దిగజారిన రోజుల్లో దాన్ని ఏరి, ప్రమాదకరమైనవి పక్కన పెట్టి, చదువుగా మలిచాడు. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో కోడోకాన్ మొదలుపెట్టాడు. ఆ గదిలో తొమ్మిదిమంది శిష్యులు పడుతూ లేస్తూ ఉంటే గుడి నేల దద్దరిల్లి, పూజారికి తలనొప్పి వచ్చేదట.

పడేయడం సరే, గెలుపు ఎలా చెప్పాలి? పాత జుజుత్సులో ఆ ఇబ్బంది లేదు. ఒకడు లేవలేకపోతే రెండోవాడు గెలిచినట్టు. ఇది చదువు కాబట్టి కొలత కావలసి వచ్చింది. 1899లో క్యోటోలోని బుతొకుకాయ్ సంస్థ పోటీ నిబంధనలు రాయడానికి సంఘం వేసింది. పెద్ద కానోయే. ఆ తొలి రోజుల పద్ధతిలో మూడింట రెండు ఇప్పొన్‌లు ముందు సాధించినవాడు విజేత. ఇది గమనించదగ్గ సంగతి. ఇప్పొన్ పడగానే ఆట ముగియడం ఆదికాలం నుంచీ ఉన్న పవిత్ర సంప్రదాయమని జూడో పుస్తకాలు కొన్ని చెబుతుంటాయి. కాదు. మొదట్లో అది నిజంగానే లెక్కలో ఒకటి. తర్వాత్తర్వాత ఒక్క ఇప్పొన్‌తో తేలిపోయే పోటీలు స్థిరపడ్డాక, ఒకటి కాస్తా అంతా అయింది.

మన కుస్తీలోనూ ఇలాంటి మాటే ఉంది. చిత్తు చేశాడు అంటాం. ఎన్నికల్లో చిత్తు, పరీక్షలో చిత్తు, క్రికెట్లో చిత్తు. గోదాలో చిత్ అంటే వెల్లకిలా. హిందుస్తానీ పహిల్వాన్ల మాట. వీపు మట్టికి ఆనితే అయిపోయినట్టే. మన చిత్తుకు పుట్టిల్లు అదేనని నా నమ్మకం. బోర్లా పడితే కుస్తీలోనూ ఏమీ కాదు, జూడోలోనూ ఏమీ కాదు. రెండు దేశాలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే వెన్నునే ఎంచుకున్నాయి.

ఉత్తరాంధ్రలో ఈ మాట ఎత్తితే కోడి రామమూర్తి నాయుడు గారు గుర్తుకు రాకుండా పోరు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సొంత సర్కస్ కంపెనీతో దేశాలు తిరిగి, కలియుగ భీముడనిపించుకున్న మల్లుడు. బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం దగ్గర నిలబడి ఫొటోలు దిగే పిల్లలకు ఆయన గొలుసులు తెంచడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టడం మాత్రమే చెబుతారు. ఆయన మల్లుడన్న సంగతి ఆ గొలుసుల చప్పుడులో వినబడకుండా పోయింది. గురుత్వాకర్షణతో పోట్లాడడం ఆయన సర్కస్ విద్య. గురుత్వాకర్షణను పనివాడిగా పెట్టుకోవడం కానో విద్య. ఎదుటివాడు తోస్తే లాగు, లాగితే తొయ్యి. బరువు వాడిది, పడేది వాడే.

భారతదేశానికి జూడో కండల దారిన రాలేదు, కవి ఇంటికి వచ్చింది. 1905లో రవీంద్రనాథ్ ఠాగూర్ పిలుపు మీద సానో జిన్నొసుకె అనే శిక్షకుడు శాంతినికేతనం చేరాడు. 1929లో తకగాకి షింజో వచ్చాడు. ఆయన దగ్గర ఆడపిల్లలు కూడా తెల్లటి దళసరి చొక్కాలు తొడుక్కుని ఒకరినొకరు పడేయడం నేర్చారు. వాళ్ళలో ఒకామె అమితా సేన్. ఆర్థికవేత్త అమర్త్యసేన్ తల్లి. మన రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి చదివిన శాంతినికేతనమే అది. అక్కడి నుంచి మనవాళ్ళు గీతాంజలి తెచ్చారు, భావకవిత్వానికి ఊపు తెచ్చారు, పైపంచె కట్టు కూడా తెచ్చారు. జూడో మాత్రం తేలేదు.

అది తెలుగు నేలకు పోటీగా వచ్చింది 1966లో. అంతకు ముందు ఏడాదే పుట్టిన భారత జూడో సమాఖ్య తన తొలి జాతీయ పోటీలు హైదరాబాదులో జరిపింది. దానికి రెండేళ్ళ ముందు, 1964లో, టోక్యో ఒలింపిక్స్‌లో జూడోకు తొలిసారి చోటు దొరికింది. నిప్పొన్ బుడోకాన్ అని దానికోసమే కొత్త మందిరం కట్టారు. అన్ని బరువులవాళ్ళూ కలిసి పోటీపడే విభాగం ఫైనల్లో ఆంటన్ గీసింక్ అనే డచ్చివాడు జపాను వీరుడు కమినాగాను నేలకు అదిమిపట్టాడు. విడిపించుకోవడం కమినాగా తరం కాలేదు. ఇప్పొన్ అన్నారు. సభ గుండె ఆగింది. డచ్చి అభిమానులు ఉత్సాహంతో చాప మీదికి ఉరకబోతే, గీసింక్ చెయ్యెత్తి వాళ్ళను ఆపేశాడు. ఆట ప్రపంచానిదయిపోయిందని జపానుకు ఆ రోజు అర్థమయింది.

ప్రపంచానిదయ్యాక ఏమవుతుంది? చిల్లర మొదలవుతుంది.

ఇప్పొన్ రోజూ పడదు. సమవుజ్జీలు తలపడితే అసలే పడదు. అలాంటప్పుడు రిఫరీలు "ఇతనిది కాస్త పైచేయి" అని తమ మనసులో లెక్క వేసుకుని చివర్లో చెయ్యెత్తేవారు. టోక్యోలో ఆ గురువుల మాటకు ఎదురు ఉండకపోవచ్చు. పారిస్‌లోనో, మాస్కోలోనో, హవానాలోనో ఊరుకుంటారా? ఆ పైచేయి బోర్డు మీద కనబడాలన్నారు. ముందు నుంచీ వజా-అరి ఒకటి ఉంది. వజా అంటే పట్టు, అరి అంటే ఉంది. "పట్టు ఉందయ్యా, కానీ పూర్తిగా పండలేదు" అని. రెండు వజా-అరిలు కలిస్తే ఇప్పొన్. 1970ల మధ్యకొచ్చేసరికి దానికింద ఇంకో రెండు మెట్లు వేశారు, యూకో, కోక. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఈ చిల్లర నాణేలు గలగలలాడాయి.

యూకో అంటే ఫలం కలిగినది, చెల్లుబాటయ్యేది. మనకు బ్యాంకు గుర్తుకొస్తే తప్పు మనది కాదు. కోక అంటే ఫలం, ప్రభావం. రెండు మాటల్లోనూ ఉన్న "కో" ఒకే అక్షరం.

ఇప్పొన్‌కు కావలసిన లక్షణాల్లో ఒకటి లోపిస్తే వజా-అరి. మరీ లోపిస్తే యూకో. ఎదుటివాడు పిర్రల మీదో, తొడ మీదో, భుజం మీదో పడితే కోక. దీనికి తెలుగులో ఉన్నంత చక్కటి మాట జపానీలో ఉందో లేదో గాని, కోక అంటే చతికిలబడ్డం. అదిమిపట్టడంలో అయితే పది సెకన్లు దాటితే కోక.

వీటి లెక్క మాత్రం ఏ కోమటి దుకాణంలోనూ చెల్లదు. రెండు వజా-అరిలు కలిసి ఇప్పొన్ అవుతాయి గాని, నూరు యూకోలు కలిసినా ఒక వజా-అరి కాదు. వెయ్యి కోకలు పేర్చినా ఒక యూకోకు చాలవు. ఎన్ని దమ్మిడీలు పోగేసినా అణా కాని నాణేల పద్ధతి ఇది. అంకెలు వేరయితే కూడొచ్చు. జాతులు వేరయితే ఏం కూడతాం? బోర్డు మీద పక్కపక్కనే గళ్ళు గీసి, ఎడమ గడిలో ఒకటున్నవాడి ముందు కుడి గళ్ళల్లో ఎన్నున్నా దిగదుడుపే అన్నారు.

రిఫరీ చెయ్యి చూస్తే ఇదంతా ఒక్క చూపులో తెలుస్తుంది. ఇప్పొన్‌కు చెయ్యి ఆకాశానికి. వజా-అరికి భుజం ఎత్తున పక్కకు. యూకోకు ఇంకా దిగి, ఒంటికి ఏటవాలుగా. కోకకు మోచెయ్యి నడుముకు ఆనించి, ముంజెయ్యి మాత్రం పైకి మడిచి, బొటనవేలు భుజం వైపు. మోచేతి నుంచి వేళ్ళ దాకా, అంటే సరిగ్గా ఒక మూర.

ఆ మూరను నేను మొదట చూసింది తొంభైల్లో, విశాఖలో, ఒక బడి పిల్లల పోటీలో. మా పక్కవాటాలో ఉండే మాస్టారి అమ్మాయి ఆడుతోందని వీధి వీధంతా వెళ్ళాం. చాపలు సరిపోక పరుపులు కూడా పరిచారు. ఆ పిల్ల ఎదుటి పిల్లను కాలు మెలేసి లాగింది. ఎదుటి పిల్ల చతికిలబడింది. రిఫరీ ముంజెయ్యి మడిచి బిగ్గరగా "కోక!" అన్నాడు.

హాలు గొల్లుమంది. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్ళు చీరను ఇప్పటికీ కోకే అంటారు. జపానీ మాటను సరిగ్గా పలికితే ఓకారం దీర్ఘం, చివరి అకారం హ్రస్వం. అంటే అచ్చం మన కోకే, అక్షరం తేడా లేదు. వెనక నుంచి ఎవరో "ఎవుర్ది?" అన్నారు. పడ్డ పిల్ల తన చొక్కా, ప్యాంటు తడుముకుని చూసుకుంది పాపం. ఎవరూ నవ్వకూడదని మాస్టారు వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశారు. ఆయన మీసాల కింద నవ్వు దాగలేదు. చివరికి ఆ ఒక్క కోకతోనే మాస్టారి అమ్మాయి గెలిచింది. మిగిలిన సమయమంతా చేతికందకుండా చాప చుట్టూ తిరిగింది. ఆ తిరుగుడు చూసి పక్కనున్న ఒక పెద్దాయన "ఇదేం కుస్తీ అండీ, దాగుడుమూతలా?" అన్నాడు.

ఆ పెద్దాయన అన్న మాటనే అంతర్జాతీయ జూడో సమాఖ్య దశాబ్దాల తరబడి నలుగురి నోటా విన్నది. కొసరుతో గెలవొచ్చని తెలిశాక అసలు కోసం ఎవరు చెమటోడుస్తారు? ఒక్క కోక సంపాదించుకుని గడియారం చూసుకుంటూ కాలక్షేపం చేసే ఆట పెరిగింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ కోకకు చివరి పండగ. 2009 నుంచి తీసేశారు. తర్వాత వంతు యూకోది. 2017లో అదీ పోయింది. ఆ ఏడాది ఉత్సాహం మరీ ఎక్కువై, రెండు వజా-అరిలు కలిస్తే ఇప్పొన్ అన్న పాత సూత్రాన్ని కూడా కొట్టేశారు. అది బెడిసికొట్టి, మరుసటి ఏడాదే తిరిగి పెట్టారు. టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండూ ఇప్పొన్, వజా-అరి అన్న రెండే మాటలతో నడిచాయి. 2025లో యూకోను మళ్ళీ పిలిచి కూర్చోబెట్టారు. కోకను పిలవలేదు.

నన్నడిగితే యూకో తిరిగి రావడం మంచిదే. మనుషులు అసలు మాత్రమే అమ్ముకుని బతకలేరు, కొసరు కావాలి. కొసరు కోసం కొట్లాట మొదలయితేనే చిక్కు.

ఇప్పొన్ విలువ ఎంత అన్న ప్రశ్నకు ఇప్పుడు ఒక జవాబు లేదు. పారిస్‌లో మన తూలికా మాన్ అర నిమిషం నిండకముందే క్యూబా దిగ్గజం ఇడాలిస్ ఒర్టిజ్ చేతిలో ఓడినప్పుడు పత్రికలు 10-0 అని వేశాయి. పది దెబ్బలు తిన్నదేమో అనుకున్నవాళ్ళున్నారు. తిన్నది ఒకటే. లెక్కరాసేవాళ్ళు తమ సౌకర్యం కోసం ఆ ఒకటికి పది వేసుకున్నారు. అదే తూలికా 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో వెండి పతకం తెచ్చింది. కరాటే వాళ్ళ దగ్గరికి వెళ్తే ఇంకో వింత. ఇప్పటి కరాటే నిబంధనల్లో యూకోకు ఒకటి, వజా-అరికి రెండు, ఇప్పొన్‌కు మూడు పాయింట్లు. ఇప్పొన్ పడ్డాక కూడా ఆట సాగుతూనే ఉంటుంది. విశాఖలో జూడో కంటే కరాటే క్లాసులే ఎక్కువ కాబట్టి, మన పిల్లలు చాలామందికి ఒకటి అనే మాట మూడు అనే అర్థంలోనే పరిచయం. అంకెల ఊరు వదిలి వచ్చిన మాటకు ఏ ఊళ్ళో ఏ ఉద్యోగం దొరుకుతుందో చెప్పలేం.

సినిమాల వల్ల మనకు జూడో అన్న మాట ముందు, ఆట తర్వాత వచ్చింది. ఫైట్ మాస్టర్ జూడో రత్నం పేరు తెర మీద పడితే హాల్లో ఈలలు పడేవి. వెయ్యికి పైగా చిత్రాలకు పోరాటాలు కూర్చిన ఆయన 2023లో కన్నుమూశారు. మా చిన్నతనంలో జూడో అంటే ఏమిటని అడిగితే, బల్లలు విరగ్గొట్టడం అని చెప్పేవాళ్ళం. జూడోలో బల్లలు విరగవు, అసలు దెబ్బే ఉండదు. పట్టుకోవాలి, ఎత్తాలి, పడేయాలి. పడేటప్పుడు చొక్కా చెయ్యి వదలకూడదు. ఎదుటివాడి తల నేలకు తగలకుండా చూసుకునే బాధ్యత కూడా పడేసినవాడిదే. ఇప్పొన్‌లో అదుపు అన్న షరతు పెట్టింది అందుకే.

ఈ భాగం రాస్తూ రాస్తూ మళ్ళీ ఒక పొద్దున ఆనందపురం వెళ్ళాను. అదే అప్ప, అదే గోనెపట్టా. ఆ రోజు లిల్లీలు, బంతి. దండ మోచేతి నుంచి వేలి దాకా లాగుతుంటే, ఆ ముంజెయ్యి చూసి నాకు రిఫరీ గుర్తొచ్చాడు. నవ్వాపుకోలేక ఆవిడకు తొంభైలనాటి పోటీ కథంతా చెప్పాను. చెయ్యి ఇలా మడిచి, గట్టిగా కోక అని అరుస్తారని, అలా అరిస్తే ఆ పిల్ల గెలిచినట్టని.

ఆవిడ దారం తుంచడం ఆపి, నా వైపు పరీక్షగా చూసింది.

"కోకని అరిసీసి, ఆ గుంటకి కోక ఇయ్యలేదేటి బాబూ?"

లేదన్నాను.

"మరేటి పోటీ!" అని, రెండు వేళ్ళ కొసరు వదిలి తుంచింది.